నాలుగుంపావు మీటింగూ, నా పాలూ

సంపాదకులు గారికి,

నమస్కారం. గత వారం మీ కుటుంబం పేజీలో, ఉద్యోగానికి తిరిగి వెళ్లాక పాలు తగ్గిపోయే తల్లుల గురించి ఒక వ్యాసం వేశారు. టెన్షన్ పడకండి, నీళ్లు బాగా తాగండి, పాలు పెరిగే పొడులు దొరుకుతాయి వాడండి. అటుతిప్పీ ఇటుతిప్పీ అందులో ఉన్నవి ఈ మూడు మాటలే. ఈ మూడూ నేను చేసి చూశాను. మొదటిది నా చేతకాలేదు. రెండోదానితో బాత్రూమ్‌కి తిరగడం ఎక్కువైంది. మూడోది డబ్బా ఖాళీ అయింది కానీ పాలు ఇంకాస్త తగ్గాయి. ఆ వ్యాసం చదివి ఇంకెవరో నాలాగే మూడు వారాలు పోగొట్టుకుంటారేమో అని ఇది రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పాపకు నాలుగున్నర నెలలప్పుడు మళ్లీ చేరాను. పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరితే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు. అంటే పది గంటలు. పాపను మా అత్తయ్య చూసుకుంటారు. ఆ వయసు పిల్లలు తల్లి పాలు గంటకు సుమారు 30 నుంచి 45 మిల్లీలీటర్ల లెక్కన తాగుతారు కాబట్టి నాకు రోజుకు 360 కావాలి. 120 చొప్పున మూడు సీసాలు. చేరకముందే ఫ్రీజర్‌లో ఇరవై సంచులు దాచాను. ఒక్కోదాని మీద తేదీ, పరిమాణం రాసి, పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి. లెక్కలు రాసే మనిషిని కదా, అక్కడా లెడ్జర్ పెట్టాను.

మొదటి వారం ఆఫీసులో పదిన్నరకు, ఒకటిన్నరకు, నాలుగున్నరకు పాలు తీసే మెషిన్‌తో పంప్ చేశాను. ఎక్కడ అంటే, మొదటి రెండు రోజులు లేడీస్ బాత్రూమ్‌లో. కమోడ్ మూత మీద కూర్చుని, మెషిన్ ఒళ్లో పెట్టుకుని. ప్లగ్ చెయ్యి కడుక్కునే చోట ఉంది, వైరు అందదు, అందుకని బ్యాటరీ మీద. బయట ఎవరో చేతులు ఆరబెట్టుకునే మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా నేను ఉలిక్కిపడేదాన్ని. బిడ్డ తాగాల్సినదాన్ని అక్కడ తీస్తున్నానే అని ఒకటే మథన. మూడో రోజు నుంచి పాత ఫైళ్లు పెట్టే గదిలోకి మారాను. ఆ గదికి లోపల గొళ్లెం లేదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, ఒక కాలితో దాన్ని నొక్కిపట్టుకుని కూర్చునేదాన్ని. ఆ భంగిమలో పాలు చేపుకు రావాలంటే ఎలా వస్తాయి? పాలు తయారవడం వేరు, చేపుకు రావడం వేరు. చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదల కావాలి. భయం, నొప్పి, సిగ్గు దాన్ని ఆపేస్తాయి. రొమ్ములో పాలున్నా సీసాలోకి రావు. నేనేమో పాలే లేవనుకున్నాను.

అయినా మొదటి వారం రోజుకు 330 దాకా వచ్చింది. తక్కువ పడ్డది ఫ్రీజర్ నుంచి తీశాం. రెండో వారం నెలాఖరు. మా సారు రోజూ నాలుగుంపావుకు ఒక మీటింగ్ మొదలుపెట్టారు. పది నిమిషాలన్నారు, ఐదింబావు దాకా నడిచేది. నాలుగున్నర పంపింగ్ పోయింది. మొదటి మూడు రోజులు రొమ్ములు రాయిలా గట్టిపడి, చీర తడిసి, ఫైలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను. నాలుగో రోజు నుంచి గట్టిపడటం తగ్గింది. హమ్మయ్య, అలవాటైంది అనుకున్నాను. అంత తెలివితక్కువ హమ్మయ్య నా జన్మలో అనుకోలేదు.

ఎందుకంటే రొమ్ము ట్యాంకు కాదు, చెలమ. తోడేకొద్దీ ఊరుతుంది. నిండుగా ఉన్నంతసేపు తయారీ మందగిస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ వేగం పుంజుకుంటుంది. రోజూ ఒకే సమయంలో నిండుగా వదిలేస్తే, ఆ పూట అక్కర్లేదని ఒంటికి అర్థమవుతుంది. నాకు గట్టిపడటం తగ్గిందంటే ఒళ్లు నా మాట విన్నదన్నమాట. నేను చెప్పిన మాటే తప్పు. మూడో వారానికి రోజంతా కలిపి 220. సీసా గీతల దగ్గర కళ్లు పెట్టి చూసినా 220 కి మించలేదు.

ఇంట్లో ఇంకో కథ. అత్తయ్య ఫోన్ చేసేవారు. "మూడు సీసాలూ అయిపోయాయే, ఇంకా ఏడుస్తోంది. పాలు చాలట్లేదు దీనికి. నీకు ఇంకిపోతున్నాయేమో చూసుకో." ఆవిడ తప్పేం లేదు, పిల్ల ఏడుస్తుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఫ్రీజర్ లెడ్జర్‌లో ఇరవై పోయి నాలుగైంది. ఆ రోజుల్లోనే నేను పొడి డబ్బా కొన్నది. ఆ రోజుల్లోనే మెషిన్ లాగుడు ఆఖరి నంబరుకు పెంచాను, గట్టిగా లాగితే ఎక్కువ వస్తాయని. ఎక్కువ రాలేదు. చన్నుమొనలు చిట్లి, ఒకరోజు సీసాలో పాలు లేత గులాబీ రంగులోకి తిరిగాయి.

పాప టీకాకి వెళ్లినప్పుడు అక్కడ పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నర్సుంది. యాభై దాటిన మనిషి. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే, "ముందు మెషిన్ బయటికి తియ్యమ్మా" అంది. రొమ్ముకు ఆనించే గరాటు లాంటి ముక్క ఉంటుంది కదా, ఫ్లాంజ్ అంటారు. దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. పెట్టెలో వచ్చింది 24 మిల్లీమీటర్లది. నా చన్నుమొన కొలిస్తే నాకు సరిపోయేది 19. ఇన్నాళ్లూ చన్నుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి చర్మం కూడా గొట్టంలోకి పోతోంది, అందుకే నొప్పి, అందుకే వాపు, అందుకే పాలు సరిగ్గా ఖాళీ కాకపోవడం. చెప్పుల సైజు చూసుకునే కొంటాం, దీనికీ సైజుంటుందని నాకెవరూ చెప్పలేదు. మీ వ్యాసంలోనూ లేదు.

తర్వాత బాతు ముక్కులా ఉండే తెల్ల రబ్బరు వాల్వ్ తీసి వేళ్లతో నొక్కింది. నోరు కాస్త తెరుచుకునే ఉంది, మూసుకోవట్లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు వాడేవాళ్లకి అవి కొద్ది నెలల్లోనే సాగిపోతాయట. లాగుడు అక్కడే కారిపోతుంది. మెషిన్ మోటారు మాత్రం మామూలుగానే చప్పుడు చేస్తూ ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. నేను మెషిన్‌ని అనుమానించలేదు, నన్ను నేను అనుమానించాను. పాలు తగ్గాయని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ముందు అడిగేది, వాల్వ్ ఎప్పుడు మార్చావు అని.

ఆమె చెప్పిన ఇంకో మాట నన్ను నిలబెట్టింది. "సీసాలో ఎంతుందో కాదమ్మా, పిల్ల సంగతి చూడు. బరువు పెరుగుతోందా, రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా తడుపుతోందా?" పెరుగుతోంది, తడుపుతోంది. పంప్‌లో వచ్చేది నా దగ్గరున్న పాలకు కొలత కాదట. బిడ్డ తాగినంత బాగా ఏ మెషినూ తాగలేదు.

మరి ఆ ఏడుపు? అత్తయ్య పాపను ఒళ్లో పడుకోబెట్టి సీసా నిటారుగా పట్టేవారు. పాలు జారిపోతూ ఉంటే బిడ్డకు మింగక తప్పదు. ఐదు నిమిషాల్లో 120 అయిపోయేది. కడుపు నిండిన సంగతి తెలిసేలోపే సీసా ఖాళీ, ఇంకా చప్పరించాలని ఏడుపు. దాన్ని మేమంతా ఆకలనుకున్నాం. పాపను కాస్త కూర్చున్నట్టు పట్టుకుని, సీసా దాదాపు అడ్డంగా పెట్టి, మధ్యమధ్యలో ఆపి, పావుగంట ఇరవై నిమిషాలు పట్టేలా ఇవ్వమంది నర్సు. సీసా పీక నెమ్మదిగా కారేది ఉండాలంది. అత్తయ్య మొదట మూతి ముడిచారు. మూడో రోజు ఆవిడే ఫోన్ చేసి, "వందకే తల తిప్పేసిందే" అన్నారు, తానే కనిపెట్టినంత సంబరంగా. సగం సమస్య అక్కడే తీరింది, ఒక్క చుక్క పాలు పెరక్కుండానే.

మిగతా సగానికి మూడు వారాలు పట్టింది. కొత్త ఫ్లాంజ్, కొత్త వాల్వ్. లాగుడు నొప్పి పుట్టని నంబరు దగ్గరే. మొదట రెండు నిమిషాలు చిన్నచిన్నగా, వేగంగా లాగే సెట్టింగ్, చేపుకొచ్చాక నెమ్మదిగా, లోతుగా లాగేది. ఈ మెషిన్‌లో ఆ రెండో బటన్ ఎందుకుందో అప్పటిదాకా నాకు తెలియదు. పంప్ నడుస్తుండగా చేత్తో రొమ్మును గట్టిగా ఉన్నచోట మెల్లగా ఒత్తడం, ఆగిపోయిందనుకున్నాక మెషిన్ తీసి చేత్తో ఇంకో రెండు నిమిషాలు పిండటం. ఇది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లుల మీద చేసి చూసిన పద్ధతట, 2009లో అచ్చయింది. మెషిన్ ఒక్కదాన్నే నమ్ముకున్నప్పటికన్నా చెయ్యి తోడైతే పాలు ఎక్కువొచ్చాయని తేలింది. నాకు ఆ చివరి రెండు నిమిషాల్లోనే ఒక్కోసారి 20, 25 వచ్చేవి. చిక్కటివి, సీసా అంచుకు వెన్నలా అంటుకునేవి.

రాత్రి తొమ్మిదికి, పాప పడుకున్నాక, ఒక గంట: ఇరవై నిమిషాలు పంప్, పది ఆపడం, పది పంప్, పది ఆపడం, మళ్లీ పది. పిల్లలు ఒక్కోరోజు సాయంత్రం విడిచిపెట్టకుండా తాగుతారే, దానికి నకలు ఇది. మొదటి రోజు ఆ గంటంతా కలిపి 30 కూడా రాలేదు. మా ఆయన సీసా చూసి ఏమనాలో తెలియక, "మొన్నటికన్నా నయమే" అన్నారు. మొన్న అసలు చెయ్యనే లేదు. ఐదో రోజుకి గానీ తేడా కనపడలేదు. వారం తర్వాత ఆపేశాను, ఎందుకంటే నిద్ర కూడా కావాలి మనిషికి. పాలు అవసరాన్ని మించి పెంచుకోవడం కూడా మంచిది కాదు, గడ్డలు కట్టి జ్వరం తెచ్చుకున్నవాళ్లున్నారు.

సెలవు రోజుల్లో మెషిన్ ముట్టుకోలేదు, పాప అడిగినప్పుడల్లా రొమ్మే. రాత్రి ఒంటిగంటకు లేచే అలవాటును మాన్పించమని చాలామంది చెప్పారు. మాన్పించలేదు. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ ఉంటుంది. పగలు నేను లేని లోటు పాప రాత్రి తీర్చుకుంటోంది, తీర్చుకోనీ అనుకున్నాను. కళ్ల కింద నల్లచారలు వచ్చాయి, అది వేరే లెక్క.

ఇంకో చిట్కా, నవ్వకండి. పంప్ చేసేటప్పుడు సీసాలకి పాప సాక్సులు తొడిగాను. ఎంతొచ్చిందా అని చూస్తూ కూర్చుంటే రావు. సాక్సు తొడిగి, ఫోన్‌లో పాప నవ్వే వీడియో పెట్టుకుంటే వస్తాయి. కారణం ముందే చెప్పాను, చేపుకు రావడం మనసు చేతిలో ఉంది.

ఇప్పుడు రోజుకు 340 వస్తోంది. ఫ్రీజర్ నిల్వ మళ్లీ నిండలేదు, నింపాలన్న ఆరాటమూ లేదు. ఈరోజు తీసినవి రేపటికి. అంతే లెక్క.

నిల్వ గురించి మీ వ్యాసంలో ఒక తప్పు దొర్లింది, సరిచేస్తే మేలు. కరిగించిన పాలు మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చని రాశారు. పెట్టకూడదు. అప్పుడే తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో సుమారు ఆరు నెలలు బాగుంటాయి. ఎండాకాలంలో గదిలో నాలుగు గంటల ధీమా వద్దు, ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో పెట్టాలి. ఫ్రిజ్‌లో కరిగించినవి 24 గంటల్లో వాడేయాలి. బిడ్డ మూతి పెట్టి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయాలి, ప్రాణం ఉసూరుమన్నా సరే. వెచ్చబెట్టడానికి గోరువెచ్చటి నీళ్ల గిన్నె చాలు, మైక్రోవేవ్ వద్దు. అక్కడక్కడా కాలిపోయి బిడ్డ నోరు బొబ్బలెక్కుతుంది.

పొడుల సంగతి. అవి పాలు పెంచుతాయని గట్టిగా చెప్పడానికి తగ్గ ఆధారాలు లేవని ఆ నర్సే చెప్పింది. ఎవరికైనా పనిచేస్తే మంచిదే, కానీ నాలుగున్నర పంపింగ్ మానేసి పొడి కలుపుకుంటే ఏ పొడీ ఏమీ చెయ్యదు. నీళ్లు దాహానికి తగ్గట్టు తాగితే చాలు. పాలు తగ్గించేవాటి గురించి రాసి ఉంటే ఇంకా ఉపయోగపడేది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, జలుబుకు వాడే సూడోఎఫిడ్రిన్ ఉన్న మాత్రలు పాలను తగ్గించగలవు, కాబట్టి మందు రాయించుకునేటప్పుడు పాలిస్తున్నానని డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ తేడాల వల్లో, రొమ్ముకు జరిగిన ఆపరేషన్ వల్లో నిజంగానే పాలు తక్కువగా ఉండే తల్లులూ ఉంటారు. వాళ్లు ఎంత పంప్ చేసినా ఒక హద్దు దాటదు. మా ఆఫీసులోనే ఒకావిడ డాక్టరును అడిగి సగం పాలు, సగం డబ్బా పాలు ఇచ్చింది, పిల్లాడు పరుగులు తీస్తున్నాడు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనే హక్కు లేదు.

ఇక గది సంగతి, నేను అసలు రాయాలనుకున్నది ఇదే. నాలుగో వారం మా సారు దగ్గరకు వెళ్లాను. అడగాలనుకున్నవి మూడు కాగితం మీద రాసుకున్నాను, నోరు తిరగదేమోనని: ఫైళ్ల గదికి లోపల గొళ్లెం, ఒక ప్లగ్, నాలుగున్నర నుంచి నాలుగూ యాభై దాకా నన్ను పిలవకపోవడం. ఆయన చాలాసేపు కాగితం వంకే చూశారు. ఆయనకే సిగ్గేసిందనుకుంటాను. "నీ ఒక్కదానికి ఇస్తే అందరూ అడుగుతారమ్మా" అన్నారు. అందరూ అంటే ఎవరు సార్, ఈ అంతస్తులో పాలిచ్చే తల్లిని నేనొక్కదాన్నేగా అన్నాను. సిగరెట్‌కని రోజుకు నాలుగైదుసార్లు కిందికి దిగేవాళ్లు ఎవరి అనుమతీ అడగరు, వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. ఆయనా ఆ గుంపులోవారే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో, పుట్టిన ఏడాదే, పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున ఇవ్వాలని ఒప్పందంలో రాసింది. 2000 నాటి ఒప్పందంలో ఆ సమయాన్ని పనిగంటల కిందే లెక్కగట్టి జీతం ఇవ్వాలంది. ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలే ఇవ్వాలని, తర్వాత వేరే ఆహారంతో పాటు రెండేళ్లూ ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. ఏటా ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు వస్తాయి, మీరు ప్రత్యేక పేజీ వేస్తారు, అందులో తల్లి ఒళ్లో బిడ్డ బొమ్మ ఉంటుంది. ఈసారి ఆ పేజీలో ఒక గొళ్లెం బొమ్మ వెయ్యండి.

గొళ్లెం పడటానికి పదకొండు రోజులు పట్టింది. స్టోర్స్ అతను వచ్చి బిగించి, ఎందుకో అడగకుండానే, "అక్కా, లోపలి నుంచి ఒకసారి వేసి చూడండి" అన్నాడు. వేసి చూశాను. ఆ రోజు ఆ గదిలో రెండు కాళ్లూ నేల మీద పెట్టుకుని కూర్చున్నాను. మీటింగ్ ఐదింటికి మారింది. నా కోసమేనని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

మీ వ్యాసకర్తగారి మీద నాకు కోపం లేదు. టెన్షన్ పడొద్దన్న మాట మంచి మనసుతో అన్నదే. ఆ మాటే తల్లికి చెప్పే ముందు ఆమె పైఅధికారికి చెప్పి ఉంటే బాగుండేది. వచ్చే వారం ఆ నిల్వ సంగతి మాత్రం తప్పకుండా సవరణ వెయ్యండి. ఫ్లాంజ్ సైజు, వాల్వ్ గురించి రెండు లైన్లకు చోటుంటే ఇంకా సంతోషం.

అక్షరదోషాలుంటే మన్నించండి. ఈ ఉత్తరంలో సగానికి పైగా నాలుగున్నర వేళల్లోనే, ఫోన్‌లో ఒంటిచేత్తో కొట్టాను. రెండో చెయ్యి ఖాళీగా ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక అకౌంటెంట్
(పేరు వెయ్యవద్దని మనవి. మా సారు కూడా మీ పేపరే చదువుతారు.)